చర్చికి పిలిచింది దొరలా, పక్కింటోళ్ళా?

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్లో ఒక తమ్ముడున్నాడు. ఆదివారం పొద్దున్నే రూములన్నీ తిరుగుతాడు. "ఒక్కసారి వచ్చి చూడన్నా, నచ్చకపోతే మళ్ళీ పిలవను" అంటాడు. కొందరు పోతారు, కొందరు దుప్పటి ముసుగేస్తారు. పోయిన నెల దీని మీద గొడవైంది. "తెల్లదొరలు తెచ్చినదాన్ని మాకు అంటించకు" అని ఒక సీనియర్ గట్టిగా అన్నాడు. ఆ పిల్లాడు ఏడుపు ఆపుకుంటూ, "నన్ను పిలిచింది దొర కాదన్నా, మా మేనమామ" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. నేను చర్చికి పోను. మా ఇంట్లో భూమి పండుగ చేస్తాం. కానీ చదివేది చరిత్ర కదా, నిజంగా ఎవరు పిలిచారో చూద్దామని లైబ్రరీలో కూర్చున్నాను.

ముందు ఒంగోలు సంగతి. ఇది మన ఆదివాసుల కథ కాదు, మాదిగల కథ. ఎర్రగుంట్ల పేరయ్యది తాళ్ళకొండపాడు. తోళ్ళ వ్యాపారం మీద ఏలూరు వైపు పోయినప్పుడు అక్కడి మిషనరీల మాట విన్నాడు. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ ఒంగోలులో బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికా నుంచి వచ్చిన జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది ఆ తర్వాతే. 1867 జనవరి 1న అక్కడ సంఘం మొదలైనప్పుడు సభ్యులు 8 మందే.

పేరయ్య మాత్రం దొర కోసం ఆగలేదు. చుట్టాల ఊళ్ళు తిరిగాడు, తన పనివాళ్ళతో, తనతో కూర్చుని తినేవాళ్ళతో మాట్లాడాడు. ఆ తర్వాతే క్లౌను తమ వైపు రమ్మన్నాడు. ఆ జనవరిలోనే క్లౌ వెళ్ళి చింతతోపులో గుడారం వేసేసరికి జనం తిండి మూట కట్టుకుని, రోజుల తరబడి ఉండేలా వచ్చి కూర్చున్నారట! అక్కడ 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొర వచ్చేలోపే సగం పని అయిపోయింది. పుస్తకాల్లో మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండేది దొర పేరే.

వచ్చినవాళ్ళకు అది ఊరికే రాలేదు. చచ్చిన గొడ్డు మాంసం మానాలి, ఆదివారం పని మానాలి, విగ్రహాలకు మొక్కకూడదు. ఊరి పండుగలో డప్పు కొట్టనంటే ఊరి పెద్దలు ఊరుకుంటారా? అంటే పిలిచే మనిషి తన చుట్టాన్ని కష్టంలోకి కూడా పిలుస్తున్నాడు. ఇది నాకు ముందు తట్టలేదు.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. గంజి కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ రోజు నీళ్ళలో నిలబడి ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున.

ఇక మన గోదావరి వైపు. దుమ్ముగూడెంలో ఆనకట్ట పనులు చూసిన ఇంజనీరు హేగ్ దొరకు కోయల మధ్య మిషన్ పెట్టాలని ఉండేది. ఆయన ఆఫీసు గుమస్తా వెంకటరామరాజు క్రైస్తవుడై, సర్కారు కొలువు వదిలి ఆ పనిలో దిగాడు. 1871లో సర్కారు గోదావరి పడవల పని ఆపేసినా మిషన్ ఉండిపోయింది. తర్వాత జాన్ కెయిన్ దొర ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నాడు. మన కోయల ఆచారాల గురించి వ్యాసాలు కూడా రాశాడు. ఇంత జరిగినా కోయల్లో పని నెమ్మదిగానే సాగింది. ఒంగోలు లాంటి గుంపు రాలేదు.

ఎందుకని? నా ఆలోచన చెప్తాను, తప్పైతే పెద్దలు సరిదిద్దండి. దొర మంచోడే కావచ్చు, రాజుగారు త్యాగమే చేసి ఉండొచ్చు. కానీ వాళ్ళిద్దరిలో ఎవరూ కోయగూడెంలో మామా, బావా అని పిలిపించుకునే మనిషి కాదు. మన గట్టు, గోత్రం, వేల్పు అన్నీ చుట్టరికంతో ముడిపడినవి. దాన్ని విప్పాలన్నా, విప్పకుండా నిలబెట్టాలన్నా లోపలి మనిషే కావాలి. అందుకే ఆ సీనియర్ అన్న కోపం కూడా నాకు అర్థమవుతుంది. బయటోడు పిలిస్తే కాదని తలుపు వేసుకోవచ్చు. మేనమామ పిలిస్తే ఎలా కాదంటాం? ఒప్పుకుంటే వేల్పు దగ్గర ఒక చోటు ఖాళీ అవుతుంది, ఒప్పుకోకపోతే మామ ఇంట్లో ముద్ద దిగదు.

ఇంకో సంగతి. చర్చికి పోతే ఎస్టీ సర్టిఫికెట్ పోతుందని కొందరు జూనియర్లను భయపెడుతున్నారు. అది తప్పు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో మతం షరతు ఎస్సీలకు పెట్టారు, ఎస్టీలకు పెట్టలేదు. కాగితాల ప్రకారం క్రైస్తవులైన పేరయ్య వంశం వాళ్ళు బీసీ-సీలోకి పోతారు, మనం ఎస్టీల్లోనే ఉంటాం. వద్దని చెప్పాలంటే వేరే కారణం చెప్పండి, అబద్ధం చెప్పకండి.

మొన్న ఆదివారం ఆ తమ్ముడు మా రూముకు రాలేదు. నేనే కిందికి వెళ్ళి, "మీ మామ మొదట ఏమని పిలిచాడురా?" అని అడిగాను. "పిలవలేదన్నా. నాయనకు జ్వరమొస్తే మూడు రాత్రులు మా ఇంట్లోనే పడుకున్నాడు, నాలుగోరోజు పొద్దున వాళ్ళ వెనకాల నేనే నడిచా" అన్నాడు.

మీ గూడేల్లో చర్చి ఉంటే, మొదట పోయింది ఎవరు, వాళ్ళను పిలిచింది ఎవరు, రానన్నది ఎవరు? అవ్వల్ని, తాతల్ని అడిగి కింద రాయండి. పేర్లు వద్దనుకుంటే వరస చెప్పినా చాలు.