రోజుకి ఏడు డాలర్ల డిటెక్టివ్

అలాస్కా అంటే ధ్రువం దగ్గరున్న మంచుదేశమని చిన్నప్పుడు భూగోళం పాఠంలో చదువుకున్నాం కదా. ఆ పేరు పెట్టుకున్న ఆడమనిషి ఒకావిడ ఉండేది. అమెరికా వాళ్ళు ఆ మంచుదేశాన్ని రష్యా దగ్గర 1867లో కొనుక్కుంటే, ఆ మరుసటేడే ఒహాయో రాష్ట్రంలో వారెన్ అనే ఊళ్ళో పుట్టిందావిడ. పూర్తి పేరు అలాస్కా పేకార్డ్ డేవిడ్సన్. ఒకప్పుడు జమీందార్లూ సినిమా తారలూ మోజుపడిన పేకార్డ్ కార్లున్నాయే, ఆ కంపెనీ పెట్టినవాళ్ళు ఈవిడ తోడబుట్టిన వాళ్ళే. ఈవిడకి మాత్రం బళ్ళో చదువు మూడేళ్ళు. అలాంటి మనిషి యాభై నాలుగో ఏట, మన ఇళ్ళల్లో అయితే కాశీ ప్రయాణం గురించి మాటలు మొదలయ్యే వయసులో, డిటెక్టివ్ ఉద్యోగంలో చేరింది. అదీ గవర్నమెంటు డిటెక్టివ్! 1922 అక్టోబరులో. జీతం రోజుకి 7 డాలర్లు. ఊళ్ళమీద తిరిగినప్పుడు భత్యం మరో 4 డాలర్లు.

అప్పటికి ఆ శాఖ పేరు బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. ఎఫ్.బి.ఐ. అనే పేరు 1935లో వచ్చింది. మనకి ఎఫ్.బి.ఐ. అంటే ఇంగ్లీషు సినిమాల్లో నల్ల కోట్లూ, నల్ల కళ్ళద్దాలూ, కారు తలుపు ధనామని వేసి దిగే ఆరడుగుల మగవాళ్ళూ గుర్తొస్తారు. ఆ బొమ్మ దానంతటది వచ్చింది కాదు. పనిగట్టుకుని తయారుచేసింది. తయారుచేసినాయన పేరు జె. ఎడ్గార్ హూవర్.

ఆయన 1924 మేలో శాఖకి పెద్ద అయ్యాడు. అప్పటికి ఏజెంట్లుగా ఉన్న ఆడవాళ్ళు ముగ్గురు. మన అలాస్కా ఒకరు. టైపు చేసే ఉద్యోగంలోంచి పైకొచ్చిన జెస్సీ డక్‌స్టీన్ రెండో ఆవిడ. ఆ ఏడు జనవరిలో చేరిన లెనోర్ హూస్టన్ మూడో ఆవిడ. కొత్త అధికారి కుర్చీలో కూర్చున్న నెల రోజుల్లో మొదటి ఇద్దరి చేతా రాజీనామాలు రాయించుకున్నారు. వాషింగ్టన్ ఆఫీసులో ఆడ ఏజెంటు చెయ్యదగ్గ పని ప్రత్యేకంగా ఏమీ లేదని అక్కడి అధికారి చెప్పాడట. అలాస్కాగారు మరీ మర్యాదస్తురాలు, మొరటు కేసులకి పనికిరాదు అన్న అభిప్రాయం అంతకు ముందు నుంచే ఉంది. చూశారా, మెత్తగా ఉంటే పనికిరాదు! గట్టిగా ఉంటే ఏమనేవారో మీకు నేను చెప్పక్కర్లేదు. లెనోర్ హూస్టన్ ఒక్కతీ 1928 దాకా లాక్కొచ్చింది. ఆ తర్వాత నలభై నాలుగేళ్ళ పాటు ఆ గుమ్మం ఆడవాళ్ళకి మూతపడింది.

తుపాకులు పట్టే ఉద్యోగం కదా, అందుకేనేమో అనుకుంటారు. ఆ వాదన తర్వాత తర్వాత బాగానే వినిపించారు. కానీ ఆ ఏజెంట్లకి తుపాకీ పట్టుకోవడానికీ, మనుషుల్ని అరెస్టు చెయ్యడానికీ చట్టం అధికారమిచ్చింది 1934లో. అలాస్కాని ఇంటికి పంపిన పదేళ్ళకి! తుపాకీ రాకముందే తుపాకీ వంక ఎలా కుదురుతుంది? ఆ 1934లోనే ఆవిడ పోయింది కూడా.

ఇంతకీ నేను చెప్పదలుచుకున్నది జీతాల సంగతి. అమెరికా కేంద్ర ప్రభుత్వపు నౌకరీలో ఆడవాళ్ళ జీతాల కథ చాలా తమాషా అయిన కథ.

అంతర్యుద్ధం రోజుల్లో మగవాళ్ళంతా సైన్యంలోకి పోతే, ఖజానా శాఖలో కాగితం నోట్లని కత్తెరలతో కత్తిరించడానికి ఆడవాళ్ళని పెట్టుకున్నారు. ఫ్రాన్సిస్ స్పిన్నర్ అనే ఖజానా అధికారి ఆలోచన అది. కత్తెర పట్టడం ఆడవాళ్ళకే బాగా వచ్చుననీ, పైగా చవకనీ. 1864లో చట్టం చేసి మరీ వాళ్ళ జీతం ఏడాదికి 600 డాలర్లన్నారు. మగ గుమాస్తాలకి 1200 నుంచి మొదలు. రెండేళ్ళకి 900 చేశారు. 1870లో ఇంకో చట్టం వచ్చింది. ఆడవాళ్ళని పై గుమాస్తా పనుల్లోకి కూడా తీసుకోవచ్చు, తీసుకుంటే మగవాళ్ళతో సమానంగా జీతమివ్వాలి అని. వినడానికి ఎంత బావుందో! అందులో ఆ ‘తీసుకోవచ్చు’ అన్న మాట ఉందే, అదే కొంప ముంచింది. తీసుకోవచ్చు అంటే తీసుకోకపోనూ వచ్చు కదా. ఫలానా ఖాళీకి మగవాడే కావాలి అని అడిగే హక్కు అధికారులకి ఆ చట్టమే ఇచ్చిందని అర్థం చెప్పుకున్నారు. సమాన జీతమిచ్చే పక్షంలో ఆడదాన్నెందుకు పెట్టుకోవడం? ఆ అర్థం తొంభై ఏళ్ళు పైచిలుకు నడిచింది. 1962లో అధ్యక్షుడు కెనెడీ తమ్ముడు రాబర్ట్ కెనెడీ, అప్పుడాయన అటార్నీ జనరల్, అది సరైన అర్థం కాదని తేల్చాడు.

నడుమ 1923లో వాషింగ్టన్ ఉద్యోగాలని గ్రేడుల కింద విడదీసిన చట్టంలో, ఆడా మగా తేడా లేకుండా సమానమైన పనికి సమానమైన జీతం అని స్పష్టంగా రాశారు. చాలా దేశాలు ఆ మాట తలవని కాలంలో! ఆ మరుసటేడే కదా అలాస్కాగారిని సాగనంపింది. అదీ తమాషా. పే స్కేలులో ఎక్కడా అన్యాయం లేదు. స్కేలు దాకా రానిస్తేగా!

అలాగని ఎఫ్.బి.ఐ. ఆఫీసులో ఆడవాళ్ళు లేరనుకోకండి. బోలెడుమంది. టైపు చేసేవాళ్ళు, ఫైళ్ళు సర్దేవాళ్ళు, వేలిముద్రల కార్డులు పోల్చేవాళ్ళు. అందరిలోకీ హెలెన్ గాండీ అనే ఆవిడ సంగతి చెప్పి తీరాలి. 1918లో న్యాయశాఖలో ఫైళ్ళ గుమాస్తాగా చేరి, హూవర్ దగ్గర సెక్రటరీ అయి, 1972 మే 2న ఆయన కన్నుమూసే దాకా అక్కడే ఉంది. ఏభై నాలుగేళ్ళు! పెళ్ళి చేసుకోలేదు. ఆయన పోయిన రోజే ఈవిడా పదవిలోంచి దిగిపోయింది. తర్వాత కొన్ని వారాల పాటు ఆయన సొంత ఫైళ్ళంటూ ఉన్నవాటిని చించి నాశనం చేయించింది. ఎందరు మంత్రుల గుట్లు, ఎందరు అధ్యక్షుల రట్లు అందులో ఉన్నాయోనని ఇప్పటికీ గుంజాటన పడేవాళ్ళున్నారు. 1975లో పార్లమెంటు సంఘం పిలిచి అడిగితే అవన్నీ సొంత ఉత్తరాలే అంది. అంత రహస్యం నమ్మి అప్పగించదగ్గ మనిషి ఒక దొంగని వెంబడించడానికి పనికిరాదట! నాకు మట్టుకు ఈ ముక్క తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది.

ఈలోపు బయట లోకం మారుతూనే ఉంది. తుపాకీ పట్టాల్సిన ఉద్యోగాలకి మగవాళ్ళే కావాలనే మినహాయింపు 1971లో పోయింది. ఆ ఏడే ఎఫ్.బి.ఐ. మమ్మల్ని ఆడవాళ్ళమని కాదందంటూ ఇద్దరు స్త్రీలు కోర్టుకెక్కారు. డిసెంబరులో, అధ్యక్షుడికి కాపలా ఉండే సీక్రెట్ సర్వీసు ఐదుగురు ఆడవాళ్ళ చేత ప్రమాణం చేయించింది. హూవర్ పోయి పట్టుమని రెండు వారాలు తిరక్కుండానే, ఆయన కుర్చీలో తాత్కాలికంగా కూర్చున్న పాట్రిక్ గ్రే ఆడవాళ్ళూ దరఖాస్తు పెట్టుకోవచ్చని ప్రకటించాడు. (ఆ గ్రే మహాశయుడూ వాటర్‌గేట్ గొడవలో కాగితాలు కాల్చి మరుసటేడు పదవి పోగొట్టుకున్నాడు. కాగితాల మీద వీళ్ళకెందుకంత కక్షో!)

1972 జులై 17న వర్జీనియాలోని క్వాంటికో శిక్షణాలయంలో ఇద్దరు అడుగుపెట్టారు. జోఆన్ పియర్స్, సూసన్ రోలీ. సూసన్ మెరైన్ సైన్యంలో పనిచేసి వచ్చిన పిల్ల. జోఆన్ పదేళ్ళు సన్యాసినిగా, అంటే మన కాన్వెంటు సిస్టర్లలాగా ఉండి, ఆ దీక్ష వదిలి వచ్చింది. ఏ రచయిత్రయినా నవలలో ఇలా జత కలిపితే కృతకంగా ఉందనేవారు! కనీసం ఐదడుగుల ఏడంగుళాల ఎత్తుండాలి అన్న నిబంధన అప్పటికింకా ఉంది. కొన్నేళ్ళ తర్వాత తీసేశారు. లేకపోతే మన వైపు ఆడపిల్లల్లో ఎంతమంది నెగ్గుకొస్తారో మీరే లెక్కవేసుకోండి. పధ్నాలుగు వారాల శిక్షణ ముగించి ఇద్దరూ అక్టోబరులో బయటికొచ్చారు. ఇంకో విచిత్రం. సరిగ్గా ఆ జులైలోనే, ఒక్క రోజు తేడాలో, ఇక్కడ ముస్సోరీలో కిరణ్ బేడీ ఐ.పి.ఎస్. శిక్షణలో చేరింది. ఎనభై మంది మగవాళ్ళ మధ్య ఒక్కర్తీ.

గుమ్మం తెరుచుకుంది కదా, ఇక మెట్లు. సమాన గ్రేడుకి సమాన జీతమే. కానీ ఏ కేసు ఎవరికి ఇస్తారు, ఏ మెట్టు మీద ఎన్నేళ్ళు నిలబెడతారు అన్నది పే స్కేలులో రాసి ఉండదు. ఇది ఆడవాళ్ళ ఒక్కరి గొడవే కాదు. మాదకద్రవ్యాల శాఖలో నల్లజాతి ఏజెంట్లు 1977లో దావా వేస్తే, జీతాల్లోనూ ప్రమోషన్లలోనూ వివక్ష ఉందని 1981లో కోర్టు తేల్చింది. ఎఫ్.బి.ఐ.లో స్పానిష్ మాట్లాడే ఏజెంట్లది మరీ విడ్డూరం. ఆ భాష వచ్చిన పాపానికి వాళ్ళని ఏళ్ళ తరబడి టెలిఫోను టేపులు వినడానికే కూర్చోబెట్టారు. పక్కవాడు పెద్ద కేసులు పట్టి పైకి పోతుంటే వీళ్ళ చెవులకి యంత్రాలు. 1988లో వాళ్ళూ కోర్టులో నెగ్గారు. అదనంగా ఒక భాష వస్తే మెట్టు దిగడమేనన్నమాట! ఇక మన జోఆన్, పెళ్ళయ్యాక జోఆన్ మిస్కో, ఇరవై రెండేళ్ళు చేసి 1994లో దిగిపోయాక ప్రమోషన్లలో తనకి అన్యాయం జరిగిందని దావా వేసింది. అది రాజీతో ముగిసింది.

ఆ 1994లోనే ఇంకో చట్టం వచ్చింది. నేర పరిశోధన చేసే ఏజెంట్లకి మూలవేతనం మీద నూటికి పాతిక అదనం. దేనికంటే, రోజుకి ఎనిమిది గంటలు కాక సగటున మరో రెండు గంటలు పిలిస్తే పలికేలా ఉండాలి. అంటే పది గంటల పని. ఏ ఊరు వెయ్యమంటే ఆ ఊరు బదిలీ మీద పోవడానికి ఒప్పుకుని సంతకం పెట్టాలి. ప్రమోషన్ కావాలంటే మళ్ళీ ఊరు మారాలి. ముప్ఫై ఏడేళ్ళు నిండకముందే చేరాలి, ఏభై ఏడుకి దిగిపోవాలి. మగవాడికైనా ఇవే షరతులు, మాట నిజమే. కానీ ముప్ఫైల్లో ఉన్న ఆడదానికి ఆ పదకొండో గంట నుంచి మొదలయ్యే డ్యూటీ ఇంకోటుంది. దానికి నూటికి పాతిక అదనం ఏ ఖజానా ఇవ్వదు. ఏజెంటుగారి భార్య పెట్టె సర్దుకుని పిల్లల్ని తీసుకుని వెంట కదులుతుంది. ఏజెంటుగారి భర్త కదులుతాడా?

అందుకేనేమో లెక్కలు కదలడం లేదు. అమెరికా మొత్తం మీద ఆయుధం ధరించే కేంద్ర ప్రభుత్వ అధికారుల్లో ఆడవాళ్ళు 1996లో నూటికి 14 మంది. 2008కి పదిహేనున్నర అయ్యారు. 2016కి మళ్ళీ పధ్నాలుగు కిందికి జారి, 2020లో పధ్నాలుగున్నర దగ్గరున్నారు. పాతికేళ్ళ ప్రయాణం అంతా కలిపి అర మనిషి! ఎఫ్.బి.ఐ. కాస్త నయం. 2012లో అక్కడి ఏజెంట్లలో దాదాపు ఐదోవంతు ఆడవాళ్ళు. న్యాయశాఖ తనిఖీ విభాగం వారు 2018లో ఒక నివేదిక వేశారు. ఎఫ్.బి.ఐ.తో సహా నాలుగు శాఖల పరిశోధకుల్లో ఆడవాళ్ళు నూటికి 16 మంది. తమ సర్వేకి జవాబిచ్చిన ఆడ పరిశోధకుల్లో నూటికి 43 మంది, గత ఐదేళ్ళలో ఆడదాన్నన్న కారణంగా వివక్ష ఎదురైందని చెప్పారు.

ఆ మరుసటేడు, 2019లో, క్వాంటికో శిక్షణలోంచి తీసేసిన ఆడపిల్లలు కొందరు కోర్టుకి వెళ్ళారు. ఒకే పొరపాటుకి మగవాళ్ళని క్షమించి తమని ఇంటికి పంపేశారనీ, శిక్షకుల వెకిలి మాటలు పడలేకపోయామనీ వాళ్ళ ఫిర్యాదు. ఐదేళ్ళు నడిచింది. 2024లో 34 మందికి కలిపి 2 కోట్ల 26 లక్షల డాలర్లిచ్చి ఎఫ్.బి.ఐ. రాజీ పడింది. కావాలనుకున్నవాళ్ళు మళ్ళీ శిక్షణలో చేరడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెగ్గితే, తాము కోరిన మూడు ఊళ్ళలో ఏదో ఒక ఊరికే వేస్తామని కూడా ఆ కాగితంలో రాసిచ్చారు.