కంభం చెరువు: ఒక రాణి, రెండు కథలు

మా తాతల కాలంలో తిరునాళ్ళకు వెళ్ళేవారు గూడుబండి కట్టించి, వంటపాత్రలూ బొంతలూ ఎద్దులకు గడ్డీ అందులోనే సర్దుకుని బయలుదేరేవారట. చీకటి పడిన చోట బండి విప్పి, మూడు రాళ్ళు పెట్టి వండుకుని, అక్కడే నిద్రించేవారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇల్లంత వాహనాలలో ఆ దేశమంతా చుట్టివస్తున్న కబుర్లు విన్నప్పుడల్లా నాకు ఆ గూడుబండే గుర్తుకు వస్తుంది. కిందటి శీతకాలంలో నేనూ మా ఆవిడా పాత వ్యాను వెనుక సీట్లు తీయించి, ఒక పరుపూ చిన్న గ్యాసు పొయ్యీ పెట్టుకుని నల్లమల, వెలిగొండల అంచున మూడు రోజులు తిరిగాము. ప్రయాణపు ముచ్చట్లు అందరికీ ఉండేవే. ఆ దారిలో ఎదురైన ఒక ప్రశ్నను గురించి చెప్పాలని ఉంది.

కనిగిరి దాటి చంద్రశేఖరపురం మీదుగా మొదట భైరవకోన చేరుకున్నాము. అంబవరం కొత్తపల్లి దగ్గర, జలపాతం పక్కనే, కొండరాతిని తొలిచి ఎనిమిది శివాలయాలు చేశారు. ఏడు తూర్పు ముఖంగానూ ఒకటి ఉత్తరముఖంగానూ ఉంటాయి. వీటి పనితనంలో పల్లవుల శైలి ఉందని కొందరు, చాళుక్యుల ఛాయ ఉందని కొందరు అంటారు. పండితుల వాదం ఎలా ఉన్నా, ఆ గుహలు తొలిచినవారు ముందు నీటిని చూసుకుని, తరువాతే రాతిని ఎంచుకున్నారని నాకనిపించింది. ఈ మెట్టసీమలో నీరు లేనిచోట దేవుడు కూడా నిలవలేడు మరి.

అక్కడినుండి వెలిగొండలు దాటి పోరుమామిళ్ళకు వెళ్ళాము. చరిత్రమీద మమకారం ఉన్నవారు ఒక్కసారైనా చూడవలసిన చెరువు అది. మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి నుండి పాలించిన భాస్కర భవదూరుడు, 1369లో దానిపై సంస్కృతంలో శాసనం వేయించాడు. దానశాసనాలు మనకు వేలకు వేలు ఉన్నాయి. చెరువు కట్టే శాస్త్రాన్నే శిలకెక్కించినది మాత్రం బహు అరుదు. మంచి తటాకానికి ఉండవలసిన పన్నెండు అంగాలను అది వరుసగా చెబుతుంది: ధనమూ ధర్మబుద్ధీ గల రాజు, జలశాస్త్రం ఎరిగినవాడు, గట్టి నేల, తీయని నీటి ఏరు, దానికి ఆనుకున్న కొండలు, ఆ కొండల నడుమ దిట్టమైన రాతికట్ట, దగ్గరలోనే రాతిగని, పనితెలిసిన మనుషులు... తరువాత ఆరు దోషాలు. కట్టనుండి నీరు ఊరడం, చవిటినేల, నడుమ మిట్ట ఉండడం, నీటికీ ఆయకట్టుకూ పొంతన కుదరకపోవడం వంటివి ఎవరైనా ఊహించగలరు. నన్ను ఆపినది మరొకటి: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం కూడా దోషమేనట.

వేయిమంది కూలీలు, రాళ్ళు మోయడానికి నూరు బండ్లు, రెండు సంవత్సరాల పని అని లెక్క కూడా ఆ శాసనంలోనే ఉంది. మా ఆవిడ లెక్కల పంతులమ్మ. ఒక్కరోజు కూడా సెలవు లేకపోతే ఏడు లక్షల ముప్ఫైవేల కూలిదినాలని అక్కడికక్కడే తేల్చివేసింది.

మరునాడు గిద్దలూరు మీదుగా కంభం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు ఈ తావులన్నీ కర్నూలు జిల్లాలోనివి. నల్లమల దిగివచ్చే గుండ్లకమ్మను, జంపలేరును కలుపుకుని, రెండు కొండల నడుమ ఇరుకులో కట్ట వేశారు. ఎత్తు 57 అడుగులు, పరీవాహక ప్రాంతం 430 చదరపు మైళ్ళు, ఆయకట్టు సుమారు 10,300 ఎకరాలు అని ఇంగ్లీషువారి గెజెటీరు లెక్క. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడాల జాబితాలో ఈ చెరువూ పోరుమామిళ్ళ చెరువూ ఒకే ఏడు చేరాయి. పోరుమామిళ్ళ శాసనాన్ని మనసులో ఉంచుకుని ఈ కట్టమీద నిలబడితే ఏరు, కొండలు, రాయి, ఇరుకు అన్నీ ఆ పాఠం ప్రకారమే అమరినట్టు కనిపిస్తాయి.

ఇక కట్టించినది ఎవరు? వరదరాజమ్మ అని ఊరు చెబుతుంది. రుచిదేవి అని మరొక పేరు. గజపతి ప్రతాపరుద్రుని కూతురు, కృష్ణదేవరాయల రాణి. తుక్కాదేవి, జగన్మోహిని అనే పేర్లతో కూడా గజపతి కూతురి కథలు ప్రచారంలో ఉన్నాయి. రాయలు ఆమెను ఆదరించలేదనీ, ఆమె ఈ కంభంలోనే ఏకాంతంగా కాలం గడిపిందనీ, తన వేదనను తుక్కాపంచకమనే అయిదు సంస్కృత శ్లోకాలలో చెప్పుకున్నదనీ సాహిత్య చరిత్రకారులు రాసిన గాథ. రాయల శాసనాలలో పదే పదే కనిపించేవి తిరుమలదేవి, చిన్నాదేవి పేర్లే.

అంటే కంభంలో ఆమెకు రెండు కథలున్నాయి. ఒకదానిలో ఆమె కన్నీరు పెడుతుంది, ఇంకొకదానిలో ఏటికి అడ్డం కట్ట వేయిస్తుంది. నేను ఈ మాట అంటే, మా ఆవిడ నీళ్ళవైపు చూస్తూ, "మొగుడు వదిలేస్తే ఆడది శ్లోకాలు రాసుకుంటుందని మీ పుస్తకాలవాళ్ళు అనుకున్నారు. నీళ్ళు తాగినవాళ్ళు ఇంకోలా అనుకున్నారు. ఏడు లక్షల కూలిదినాల పని మూలన కూర్చున్న మనిషి చేయించగలదాండీ?" అన్నది.

ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఏకాంతవాసమూ ఏటికి కట్టా ఒక మనిషి జీవితంలో సులువుగా ఇమడవు. కూలి, ధాన్యం, బండ్లు, రాళ్ళు సమకూర్చాలంటే చేతిలో అధికారం ఉండి తీరాలి. నావరకు నేను ఊరి కథవైపే మొగ్గుతాను. ఇందుకు మరొక కారణం కూడా ఉంది, అది నా ఊహ మాత్రమే. రాయలు 1514లో ఉదయగిరినీ 1515లో కొండవీటినీ పట్టుకునేదాకా ఆ దుర్గాలు గజపతులవి. వాటికి పడమరగా ఉన్న ఈ సీమ రెండు రాజ్యాల అంచు. యుద్ధం ముగిసి, సంధి కుదిరి, గజపతి కూతురు విజయనగరానికి వచ్చిన తరువాత ఆ అంచు చెరిగిపోయింది. పోరుమామిళ్ళ శాసనం చెప్పిన ఆ సరిహద్దు దోషం, ఏ పెళ్ళివల్ల తీరిందో ఆ పెళ్ళికూతురి పేరే చెరువుకు అంటుకోవడం నాకు కాకతాళీయంగా తోచదు. ఆమె స్వయంగా కట్టించినా, ఆమె రాకతో వచ్చిన శాంతిలో మరెవరో కట్టించినా, జనం ఆ పనిని ఆమె ఖాతాలోనే వేశారు.

తిరుగుదారిలో మార్కాపురం వైపు వస్తూ వెలిగొండ ప్రాజెక్టు గురించి మాట్లాడుకున్నాము. 1996లో శంకుస్థాపన జరిగిన పని అది. నల్లమల కింద సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తొలిచి శ్రీశైలం నుండి కృష్ణనీటిని తేవాలన్నది ఆలోచన. ఆ నీటిని నిలపడానికి ఎంచుకున్న ఉపాయం మాత్రం పాతదే: సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల నడుమ ఉన్న సందులకు కట్టలు వేయడం.