పాషాణం మందైన కథ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఏ ఊరైనా సరే, పెద్ద జబ్బు అనగానే మనవాళ్లు "రాయవేలూరికి తీసుకుపోదాం" అంటారు. ఆ రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రిలో పాషాణంతో బ్లడ్ క్యాన్సర్‌ని తగ్గించారని మీకు తెలుసా? ఈ ఎపిసోడ్‌లో ఆ చరిత్ర చెబుతాను.

పాషాణం అంటే ఆర్సెనిక్. విషమే. కానీ 1786లోనే ఇంగ్లండ్ డాక్టర్ థామస్ ఫౌలర్ దాంతో చేసిన ద్రావణాన్ని జ్వరాలకు ఇచ్చాడు. 1865లో జర్మన్ డాక్టర్ లిసావర్ అదే ద్రావణాన్ని బ్లడ్ క్యాన్సర్‌కి వాడాడు. తర్వాత రేడియేషన్, కొత్త మందులు వచ్చేసరికి ఇది మూలనపడింది. మళ్లీ 1970లలో చైనాలోని హార్బిన్‌లో జాంగ్ టింగ్‌డాంగ్ బృందం ఒక నాటుమందును పరీక్షించి, అందులో పనిచేస్తున్నది ఆర్సెనికే అని తేల్చింది. అన్నిటికంటే బాగా పనిచేసింది ఏపీఎల్ అనే రకం మీద.

ఏపీఎల్‌లో 15వ, 17వ క్రోమోజోముల ముక్కలు అటూ ఇటూ మారి, ఒక తప్పుడు ప్రోటీన్ పుడుతుంది. దాంతో తెల్ల రక్తకణాలు ఎదగకుండా పిల్లకణాలుగానే పేరుకుపోతాయి. రక్తం గడ్డకట్టదు, మెదడులో రక్తస్రావమై మనిషి రోజుల్లోనే పోవచ్చు. ఆర్సెనిక్ నేరుగా వెళ్లి ఆ ప్రోటీన్‌కే అంటుకుంటుంది. అప్పుడు కణమే దాన్ని చెత్త కింద లెక్కగట్టి ముక్కలు చేసేస్తుంది. ఆగిపోయిన కణాలు ఎదిగి, వాటి ఆయుష్షు తీరి పోతాయి. కొన్ని నేరుగానే చచ్చిపోతాయి.

ఇక మన రాయవేలూరుకి వద్దాం. అప్పట్లో ఈ జబ్బుకి మామూలుగా ఇచ్చే మందులు, కీమోథెరపీ ఖర్చు పేదలకు అందేది కాదు. 1998 నుంచి డాక్టర్ విక్రమ్ మాథ్యూస్, డాక్టర్ మామెన్ చాందీ బృందం కొత్త రోగులకు ఆర్సెనిక్ ఒక్కదాన్నే మొదటి మందుగా ఇచ్చింది. 2004 దాకా 72 మందికి ఇస్తే, 62 మందిలో క్యాన్సర్ కణాలు కనబడకుండా పోయాయి. 2006లో ఆ ఫలితాలను ప్రపంచమంతా చదివింది. డబ్బు లేక ఇంటిదారి పట్టాల్సిన మనిషికి బతికే దారి దొరికిందన్నమాట! ఈరోజు విటమిన్-ఏ జాతి మందు, ఆర్సెనిక్ కలిపి ఇస్తే, ముప్పు తక్కువున్న రోగుల్లో నూటికి 90 మందికి పైగా కోలుకుంటున్నారు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతా. ఆసుపత్రిలో ఇది కొలిచి నరానికి ఎక్కిస్తారు, ఈసీజీ చూస్తూ ఉంటారు. ఎవరో ఇచ్చిన పాషాణం భస్మం మింగితే అది విషమే. చిగుళ్ల నుంచి ఊరికే రక్తం కారినా, దెబ్బ తగలకుండా ఒంటిమీద కమిలిన మచ్చలు వచ్చినా, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించండి. ఈ జబ్బులో ఒక్కరోజు ఆలస్యం కూడా ఎక్కువే. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!