శేఖావటి: ఠాకూర్ల నేల, సేఠ్‌ల గోడలు

శేఖావటి రాజస్థాన్‌లో ఈశాన్యాన ఉన్న ఇసుక నేల. ఇప్పటి ఝుంఝునూ, సీకర్ జిల్లాలు దీనికి గుండెకాయ. చూరూ పూర్వం బీకానేర్ రాజ్యంలోది. అయినా ఇళ్ల తీరు ఒకటే కావడంతో దాన్నీ ఇందులో కలిపి చెబుతారు. ఈ నేలను ఏలినవారు కచ్వాహా రాజపుత్రుల్లో ఒక శాఖ అయిన శేఖావత్‌లు. దీనికి పేరు తెచ్చిన గోడచిత్రాలకు మాత్రం డబ్బు పెట్టింది వాళ్ల ఊళ్లలో కొట్లు నడుపుకున్న మార్వాడీ సేఠ్‌లు.

ప్రాంతానికి ఆ పేరు రావ్ శేఖా (1433–1488) వల్ల వచ్చింది. ఆయన తండ్రి మోకల్‌కు చాలాకాలం సంతానం కలగలేదట. షేక్ బుర్హాన్ అనే సూఫీ దీవించాక కొడుకు పుట్టాడనీ, ఆ షేక్ పేరే బిడ్డకు పెట్టారనీ ఐతిహ్యం. ఆ కృతజ్ఞతతోనే శేఖావత్‌లు అడవిపంది మాంసం ముట్టేవారు కాదని చెబుతారు. పందివేటను పౌరుషంగా ఎంచే రాజపుత్రుల్లో ఇది చిన్న విషయం కాదు. ఆమేర్ రాజులకు కప్పం కట్టడం మానేసిన శేఖా 1471 నాటికి స్వతంత్రుడయ్యాడు. అమర్‌సర్ నుంచి పాలించాడు. గౌడ్ రాజపుత్రులతో ఘాట్వా దగ్గర జరిగిన పోరులో తగిలిన గాయాలతో చనిపోయాడు.

ఫతేపూర్, ఝుంఝునూ మాత్రం చాలాకాలం కాయంఖానీ నవాబుల చేతుల్లోనే ఉన్నాయి. వీరు ఇస్లాం స్వీకరించిన చౌహాన్ వంశీకులు. మొఘల్ అధికారం సడలాక, 1730లో శేఖావత్ నాయకుడు శార్దూల్ సింగ్ ఝుంఝునూను, ఆ మరుసటి ఏడు సీకర్ పాలకుడు శివ్ సింగ్ ఫతేపూర్‌ను పట్టుకున్నారు.

పెద్దకొడుక్కే గద్దె అన్న పద్ధతి చాలా రాజపుత్ర సంస్థానాల్లో ఉండగా, శార్దూల్ సింగ్ వంశంలో భూమిని అన్నదమ్ములు సమంగా పంచుకునేవారు. దీన్ని ‘భాయీ బంట్’ అంటారు. ఆయన అయిదుగురు కొడుకుల వాటాలు ‘పంచ్‌పానా’ అయ్యాయి. వారిలో నవల్ సింగ్ 1737లో నవల్‌గఢ్ కట్టించాడు. తరం మారేకొద్దీ ఠికాణాలు (ఠాకూర్ల జాగీర్లు) చీలి, ఊరికో ఠాకూర్, ఠాకూర్‌కో కోట తయారయ్యాయి. పొలం ఇచ్చే రాబడి అంతంతమాత్రం. గుజరాత్ రేవుల నుంచి ఢిల్లీకి సాగే ఒంటెల బిడారులను తమ ఊరి మీదుగా రప్పించుకోవడానికి ఠాకూర్లు సుంకాలు తగ్గించారు. వర్తకుణ్ణి బతిమాలి ఊళ్లో పెట్టుకున్నారు. అలా పెట్టుకోలేని ఠాకూర్ ఏం పోగొట్టుకున్నాడో చూరూ చెబుతుంది. ఉన్ని మీద పన్ను పెంచాడని అలిగిన పోద్దార్లు అక్కడి నుంచి మూటాముల్లె సర్దుకుని, సీకర్ రావు అండతో 1791లో రామ్‌గఢ్ అనే కొత్త ఊరే కట్టుకున్నారు.

19వ శతాబ్దంలో సరుకు కలకత్తా, బొంబాయి రేవులకు మళ్లింది. ఒంటెల దారులు పాడుబడ్డాయి. సేఠ్‌లు రేవుపట్టణాలకు వెళ్లి నల్లమందు, పత్తి, జనపనార వ్యాపారాల్లో గడించారు. ఆలుబిడ్డలు ఊళ్లోనే ఉండేవారు, డబ్బు ఇంటికి వచ్చేది. సేఠ్‌ల పెద్ద ఇళ్లయిన హవేలీలు ఎక్కువగా వెలసింది 1830–1930 నడుమ, అంటే యజమాని ఊళ్లో లేని కాలంలోనే! వాటితో పాటు గుళ్లు, ధర్మశాలలు, చనిపోయిన పెద్దల పేరిట గోపురాల ఛత్రులు, నాలుగు మూలలా మినార్లు నిలిపిన బావులు కట్టించారు. నీళ్లు అరుదైన నేలలో ఆ మినార్లు దూరాన వచ్చే బాటసారికి ఆనవాళ్లు.

ఇల్లు కట్టినవాడూ బొమ్మ వేసినవాడూ తరచు ఒకడే. ఆ తాపీమేస్త్రీని ‘చేజారా’ అనేవారు. వీరిలో ఎక్కువమంది కుమ్మరి కులస్థులు. సున్నపు పూత మీద పూత వేసి, ఆఖరి పూత తడి ఆరకముందే రంగులద్ది, నున్నని రాయితో రుద్దితే రంగు గోడలోకి ఇంకిపోతుంది. వానకు చెక్కుచెదరదు. మొదట్లో వాడింది ఎర్రమన్ను, కాటుక, నీలిమందు వంటివి. పరశురాంపురాలో 1750 నాటి శార్దూల్ సింగ్ ఛత్రి లోపల ఆ ఎరుపు, నలుపుల్లోనే రామాయణం నడుస్తుంది. తర్వాత ఐరోపా నుంచి రసాయన రంగులు దిగాయి. గోడలు ఒక్కసారిగా నీలమెక్కాయి. ఆరిన సున్నం మీదే వేసే సులువు పద్ధతీ వచ్చింది, దాంతోపాటే పెచ్చులూడే రోగమూ వచ్చింది.

వస్తువు కూడా మారింది. కృష్ణలీలలు, జానపద కథలో ఒంటెపై పారిపోయే ఢోలా–మారూ జంట పక్కనే రైలుబండి, గ్రామఫోను, విక్టోరియా రాణి చేరారు. మండావాలోని ఒక హవేలీ మీద రైట్ సోదరుల విమానం కూడా ఉంది. ఎక్కడో అచ్చయిన బొమ్మను చూసి, అసలు వస్తువు కంటపడకుండానే గీసినవి చాలా ఉన్నాయి. అందుకే రైలు పెట్టెలు వరసగా కట్టిన ఇళ్లలా కనిపిస్తాయి. కొందరు కళావిమర్శకులు ఈ తర్వాతి దశను చవకబారుగా చూశారు గానీ, ఈ గోడల్లో ప్రాణం ఉన్నది ఆ తడబాటులోనే.

రైతు మాత్రం ఈ గోడలెక్కలేదు. ఠికాణాల శిస్తులు, వెట్టి మీద జాట్ రైతులు 1920ల నుంచి తిరగబడ్డారు. 1934లో కట్రాథల్‌లో కిశోరీ దేవి ఆధ్వర్యంలో వేలాది మంది స్త్రీలు సభ జరిపారు. 1935లో కూదన్‌లో రైతులపై కాల్పులు జరిగాయి. 1949లో, తాను లోబడి ఉన్న జైపూర్ రాజ్యంతో పాటు ఈ ప్రాంతం రాజస్థాన్‌లో కలిసింది. 1952 చట్టంతో జాగీర్లు పోయాయి.

జాగీర్లు పోయినా, హోలీకి నగారా చుట్టూ కర్రలు తాటిస్తూ మగవాళ్లు ఆడే గీందడ్ ఇప్పటికీ సాగుతోంది. ఈ నేలకే చెందిన ఖేత్రీ రాజు అజిత్ సింగ్ వివేకానందుడికి అండగా నిలిచి, ‘వివేకానంద’ అన్న పేరు సూచించాడని ప్రతీతి. మరో పక్క, సీకర్ జిల్లా దేవరాలాలో 1987లో జరిగిన రూప్ కన్వర్ అనే యువ వితంతువు సతీ ఘటన కొత్త సతీ నిరోధక చట్టానికి దారితీసింది.

బిర్లాల సొంతూరు పిలానీ ఇక్కడిదే. 1964లో అక్కడ ఏర్పడిన బిట్స్ విద్యాసంస్థ 2008లో హైదరాబాద్‌లోనూ ప్రాంగణం తెరిచింది. హవేలీల సంగతి వేరు. చాలావాటికి వారసులు నాలుగైదు నగరాల్లో ఉంటారు. మరమ్మతుకు గానీ అమ్మకానికి గానీ అందరూ ఒక మాట మీదికి రారు. ఠాకూర్లను చీల్చిన భాయీ బంట్ సేఠ్‌ల ఇళ్లకూ చుట్టుకుంది. తాళం వేసిన తలుపు, అరుగు మీద కాపలాదారు కుటుంబం ఇక్కడ మామూలు దృశ్యం. కొన్ని హోటళ్లయ్యాయి. నవల్‌గఢ్‌లో పోద్దార్లు 1902లో కట్టిన హవేలీ ఇప్పుడు మ్యూజియం. ఫతేపూర్‌లోని దేవరా హవేలీని నదీన్ లె ప్రాన్స్ అనే ఫ్రెంచి చిత్రకారిణి 1998లో కొని, బొమ్మలను బాగుచేయించింది.