ఊరు స్టేషను స్టేషనుగా వచ్చేది

కుంపటి దగ్గరికి జరగండర్రా. జనవరిలో మన బారిడీహ్ చలి ఎలాంటిదో తెలుసు కదా, దుప్పటి చెవుల మీదికి లాక్కోండి. పొద్దున్న మీ నాన్న టిక్కెట్ల మాట ఎత్తిన దగ్గర్నుంచి నా మనసు రైలు మీదే ఉంది. వందే భారత్‌లో వెళ్దాం మామ్మా, ఇట్టే బరంపురం చేరిపోతాం అంటున్నారు మీరు. మంచిదే. కానీ మేము ఎలా వెళ్లేవాళ్లమో ముందు వినండి, ఆ తర్వాత మీ ఇష్టం.

నేను కాపురానికి వచ్చింది 1968లో. మా కన్నవారిది ఆమదాలవలస దగ్గర పల్లె. మీ తాతయ్యకి టాటా వారి ఉక్కు కార్ఖానా టిస్కోలో పని. ఈ ఊళ్లో మన తెలుగువాళ్లు అప్పటికే రెండు తరాలుగా ఉన్నారు. 1907లో టాటా వారు కంపెనీ పెట్టి, సాక్చిలో కార్ఖానా లేపుతున్నప్పుడు కూలికీ నాలికీ మనుషులు కావాల్సొచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్లు రైలు పట్టాల వెంటే వచ్చారు. అప్పుడు ఈ స్టేషను పేరు కాళీమాటి. 1919లో అది టాటానగర్ అయింది, సాక్చి జంషెడ్‌పూర్ అయింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేని మా మావగారు ‘బియ్యన్నారు’ అనేవారు. హౌరా నుంచి మద్రాసుకి మెయిలు 1900లో నడక మొదలెట్టింది. ఆ మెయిలే లేకపోతే బిష్టుపూర్‌లో మన రామమందిరమూ లేదు, ఈ క్వార్టర్లో మనమూ లేము. అందుకే నాకు రైలంటే అంత ఇది.

ప్రయాణం వారం రోజుల ముందే మొదలయ్యేది. ట్రంకుపెట్టె అటక మీంచి దిగేది. హోల్డాలు ఎండలో పరిచేవాళ్లం. వంట సంగతి నేను చూసుకునేదాన్ని. చింతపండు పులిహోర నూనె కాస్త ఎక్కువ పోసి కలిపితే రెండో రోజుకీ చెడదు. ఇడ్లీలకి కారప్పొడి, నూనె రెండు పక్కలా పట్టించి విస్తరాకులో చుట్టేదాన్ని. అన్నిటికంటే పెరుగన్నం ముఖ్యం. అన్నం ముందే పెరుగుతో కలిపి పట్టుకెళ్తే దారిలో పులిసిపోతుంది. అందుకని అన్నం మెత్తగా వండి, చేత్తో మెదిపి, గోరువెచ్చటి పాలు పోసి, నాలుగు చుక్కలు మజ్జిగ వేసి కేరేజీ మూత బిగించేసేదాన్ని. రాత్రంతా రైలు కుదుపుల్లోనే అది తోడుకునేది. తెల్లారి మూత తీస్తే కమ్మటి పెరుగన్నం, మీద అల్లం ముక్క, పక్కన మాగాయి టెంక. ఇప్పుడు ఎన్ని హోటళ్లలో తిన్నా ఆ రుచి నాకు దొరకలేదు. రైల్లో తింటేనే దానికా రుచి.

మీ తాతయ్య ఎ షిఫ్ట్ ముగించుకుని రెండింటికి ఇంటికొచ్చి, స్నానం చేసి, సాయంత్రం మమ్మల్ని బయల్దేరదీసేవారు. సాక్చి మీదుగా స్టేషనుకి వెళ్లేవాళ్లం. అట్టముక్క టిక్కెట్లు జేబులో పెట్టుకుని, మాటిమాటికీ తడిమి చూసుకునేవారు. మా తొలి రోజుల్లో ప్రయాణం మూడో తరగతిలోనే, చెక్కబల్లల మీద. 1974లో మూడో తరగతి ఎత్తేశారు. పేరు మారింది గాని బల్లలు వెంటనే మెత్తబడలేదు. పిల్లలకి అదేం పట్టేది కాదు, కిటికీ దొరికితే చాలు.

నేరుగా మన వైపుకి అప్పట్లో మాకు వీలైన బండి లేదు. ఇక్కణ్నుంచి ఖరగ్‌పూర్, అక్కడ మద్రాసు మెయిలు. ఖరగ్‌పూర్ నూట ముప్పై అయిదు కిలోమీటర్ల దూరం. గాలూడీహ్, ఘాట్‌శిల, ధల్‌భూమ్‌గఢ్, చాకులియా, ఝార్‌గ్రామ్... కిటికీలోంచి సాల అడవి పొద్దు గుంకేదాకా వెంట వచ్చేది. స్టేషన్లలో సాల ఆకు దొప్పల్లో పూరీ, బంగాళాదుంప కూర అమ్మేవాళ్లు. ఘాట్‌శిల రాగానే మీ తాతయ్య బెంగాలీ రచయిత బిభూతిభూషణ్ ఉన్న ఊరిదే అని ప్రతిసారీ చెప్పేవారు. 1950లో ఆయన పోయింది కూడా అక్కడేనట. ఎన్నిసార్లు చెప్పినా నాకు కొత్తగానే ఉండేది, ఆయన చెప్పే తీరు అలాంటిది.

ఖరగ్‌పూర్లో గంటల తరబడి కూర్చోవాలి. మీకు అది శిక్ష అనిపిస్తుంది కదూ? నాకు సగం పండగ అక్కడే అయిపోయేది. ఆ ప్లాట్‌ఫారం వెయ్యి మీటర్లకి పైగా పొడవు. ప్రపంచంలోకెల్లా పెద్దదని చెప్పుకునేవారు. 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత హుబ్బళ్లి దాన్ని మించాయి. ఆ ఊళ్లో రైల్వే వర్క్‌షాపు ఉంది, అందులో మన తెలుగువాళ్లు వేలకి వేలు. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు ఆ బియ్యన్నారు కార్మికుల కోసమే నిలబడి పోరాడారని అక్కడి పెద్దవాళ్లు గొప్పగా చెప్పేవారు. మా పిన్నత్త వాళ్లు అక్కడ రైల్వే క్వార్టర్లో ఉండేవారు. మేము వస్తున్నామని ఉత్తరం అందితే చాలు, రాత్రి తొమ్మిదింటికి వేడన్నం, వంకాయ పులుసు, చేపల వేపుడు కేరేజీ నిండా పట్టుకుని స్టేషనుకి వచ్చేసేది. హోల్డాలు పరిచి అక్కడే విస్తళ్లు వేసేది. ఎవరికి పెళ్లి కుదిరింది, ఎవరికి మగపిల్లాడు, ఎవరి భూమి తగువులో పడింది, ఊరి కబుర్లన్నీ ఊరు చేరకముందే ఆవిడ దగ్గర తెలిసిపోయేవి. మెయిలు కూత వినబడగానే ఖాళీ కేరేజీ చంకన పెట్టుకుని, మా సామాను కూలీ కంటే ముందు ఆవిడే ఎక్కించేది.

ఆ తర్వాత రాత్రి. పిల్లల్ని పై బల్ల మీద పడుకోబెట్టి నేను కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. జలేశ్వర్ దగ్గరికి వచ్చేసరికి పట్టాల చప్పుడు మారిపోయేది. కింద బోలుగా, గంభీరంగా మోగేది. అది సువర్ణరేఖ వంతెన. తెలుసా, ఇక్కడ మన ఊరిని ఒరుసుకుంటూ పోయే నదే అది. మనం పడమట వదిలేసి వచ్చిన నీళ్లు అడవుల్లో పడి తిరిగి తిరిగి సముద్రానికి పోతూ అక్కడ మళ్లీ కలుస్తాయి. చీకట్లో నీళ్లు కనబడేవి కావు. అయినా మీ తాతయ్య లేచి కూర్చుని అయిదు పైసల బిళ్ల విసిరేవారు, నేను దణ్ణం పెట్టుకునేదాన్ని. ఆ తర్వాత వైతరణి, బ్రాహ్మణి, కటక్ దగ్గర మహానది. మహానది మీద బండి ఎంతసేపు పోయేదో! నిద్రలో ఉన్న పిల్లలు కూడా కదిలేవాళ్లు.

ఒకసారి వానాకాలం, ముందు లైను మీదకి నీళ్లొచ్చాయని ఓ చిన్న స్టేషన్లో బండి ఆపేశారు. ఎప్పుడు కదులుతుందో చెప్పేవాళ్లు లేరు. పెట్టెలో ఓ బెంగాలీ దంపతులు, కటక్ వెళ్లే ఒడియా ముసలాయన, కేరళ నుంచి ఇటు వైపు ఆసుపత్రిలో పనికొచ్చి సెలవుకి తిరిగి వెళ్తున్న నర్సమ్మాయి. మధ్యాహ్నానికి ఎవరి మూటలు వాళ్లు విప్పారు. నా పులిహోర అటు, వాళ్ల సందేశ్ ఇటు. బెంగాలీ ఆవిడ ఆవకాయ నాలిక్కి రాసుకుని, కళ్లెంట నీళ్లు కారుతున్నా ఇంకొంచెం వెయ్యమని చెయ్యి చాపింది. పక్క పల్లెవాళ్లు గంపలతో మరమరాలు, పచ్చిమిరపకాయలు తెచ్చారు. సాయంత్రం ముసలాయన జగన్నాథుడి భజన ఎత్తుకున్నాడు. మాటలు నాకు సగమే తెలిశాయి, అయినా చేతులు వాటంతటవే తాళం వేశాయి. చీకటి పడ్డాక బండి కదిలింది. నర్సమ్మాయి మీ చిన్నత్తని ఒళ్లో వేసుకుని అలాగే నిద్రపోయింది. ఆ మనుషులెవరో, మళ్లీ ఎప్పుడూ చూడలేదు. వాళ్ల మొహాలు మాత్రం ఇప్పటికీ నా కళ్లకి కడుతున్నాయి.

బండి వేళకి నడిస్తే తెల్లారేసరికి ఖుర్దా రోడ్డు దాటిపోయేది. ఇంకాసేపటికి బాలుగావ్. అక్కణ్నుంచి రంభ దాకా చిలక సరస్సు మన ఎడమ పక్కనే ఉంటుంది, కుడి పక్క కొండలు. చలికాలమైతే దూరదేశాల పక్షులు గుంపులు గుంపులుగా నీళ్ల మీద వాలి ఉండేవి. పిల్లలు కమ్మీలకి మొహాలు ఆనించి కేకలు పెట్టేవాళ్లు. అప్పుడు నేను కేరేజీ విప్పేదాన్ని. చిలక చూస్తూ పెరుగన్నం తినడం మా ఇంటి ఆచారం.

బరంపురంలో బండి ఆగితే ఒడియా మాటల మధ్య తెలుగు మాట చెవిన పడేది. గిరి గారు పుట్టిన ఊరే అది. ఇచ్ఛాపురం వచ్చిందంటే ఇంక మనదే. ‘వేడి ఇడ్లీ వడ, వేడి ఇడ్లీ వడ’ అని ఓ కుర్రాడు పెట్టె వెంట పరిగెత్తేవాడు. టాటాలో ఏడాది పొడుగునా దుకాణంలో, ఆసుపత్రిలో, పిల్లల బడిలో హిందీ వెతుక్కుంటూ మాట్లాడిన నాకు, బేరం తెలుగులో ఆడుతుంటేనే ప్రాణం లేచొచ్చేది. అవసరం లేకపోయినా నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడేదాన్ని. సోంపేట, పలాస. పలాసలో జీడిపప్పు పొట్లాం కొనాల్సిందే. కుడివైపు మహేంద్రగిరి నీలంగా నిలబడి కనిపించేది.

పలాస దాటగానే ఆడవాళ్లందరం పనిలో పడేవాళ్లం. ఆ లైన్లో బొగ్గింజన్లు తిరిగే కాలం, కళ్లలో నలుసులు, మొహాల మీద మసి. అందుకే ప్రయాణానికి పాత చీర కట్టుకుని, మంచి చీర పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టుకునేదాన్ని. చెంబుతో నీళ్లు పట్టి పిల్లల మొహాలు కడిగి, తల దువ్వి, పౌడరు రాసి, గౌన్లు మార్చేసరికి నౌపడ వచ్చేది. అక్కడ ఉప్పుమడులు తెల్లగా మెరుస్తుండేవి. పక్క లైన్లో పర్లాకిమిడి వైపు వెళ్లే చిన్న రైలు, బొమ్మల రైల్లా నిలబడి ఉండేది. అది కూడా పెద్ద లైనైపోయి గుణుపురం దాకా వెళ్తోంది ఇప్పుడు. కోటబొమ్మాళి, తిలారు, ఊర్లాం... ఒక్కో పేరు చదువుతుంటే మనసు ఒక్కో మెట్టు దిగుతున్నట్టుండేది. ఇదే మీకు చెప్పాలనుకున్నది. ఊరు ఒక్కసారిగా వచ్చి మీద పడేది కాదర్రా. ముందు నది, తర్వాత మాట, తర్వాత తాటిచెట్లు, తర్వాత ఇడ్లీ వడ, ఆ తర్వాత మా అన్నయ్య. ఆమదాలవలసలో, అదే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, భుజం మీద తువ్వాలుతో నిలబడి ప్రతి కిటికీలోకీ తొంగి చూస్తూ ఉండేవాడు. అప్పటికి నేను పూర్తిగా ఆ పల్లె ఆడపిల్లనైపోయి దిగేదాన్ని.

తర్వాత్తర్వాత అలెప్పీ బండి వచ్చింది. మన పెట్టెల్ని రూర్కెలా దాకా తీసుకెళ్లి, బొకారో నుంచి వచ్చే బండికి తగిలించేవారు. ఆ తగిలించేటప్పుడు ‘ధన్’మని కుదుపొచ్చి చెంబులు దొర్లేవి. ఝార్సుగుడా, సంబల్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం. అటు కొండలూ అడవులూ అందంగానే ఉంటాయి, బండి మారే పనీ లేదు. విజయనగరం వాళ్లకి మరీ సుఖం, పైడితల్లి సిరిమానుకి అందులోనే వెళ్లేవారు. కానీ ఖరగ్‌పూర్లో పిన్నత్త కేరేజీ, చిలక మీద పెరుగన్నం ఆ దారిలో లేవు.

తిరుగు ప్రయాణం గురించి ఏం చెప్పను, ఏడుపులూ మూటలూ. ఆవకాయ జాడీకి వాసెన కట్టి కాళ్ల మధ్య పెట్టుకుని రాత్రంతా కాపలా కాసేదాన్ని. అరిసెలు, కొత్త బెల్లం, పొందూరు పంచెలు. బండి టాటా దగ్గర పడుతుంటే కార్ఖానా మంటలకి ఆకాశం ఎర్రగా కనిపించేది. అప్పుడు మీ తాతయ్య ‘వచ్చేశాం’ అనేవారు. ఆయన ఊరు ఇదే అయిపోయిందని నాకు ఆ మాటతో తెలిసేది.

ఇప్పుడు మీ వందే భారత్ 2024 సెప్టెంబరులో మొదలైంది కదా, టాటా నుంచి బరంపురానికి. మంచి బండి. ముసలివాళ్లకి, జబ్బుపడ్డవాళ్లకి, అక్కడ చావో బతుకో అన్నప్పుడు అలాంటిది ఉండాలి. మా అమ్మ పోయినప్పుడు అది ఉండుంటే ఆఖరి చూపు దక్కేదేమో నాకు. కానీ అది చాయిబాసా, కెందుఝర్ మీదుగా పోతుంది. ఖరగ్‌పూర్ రాదు, జలేశ్వర్ రాదు. అద్దాలు తెరుచుకోవు, బయటివాడి కేక లోపలికి వినబడదు. పడుకునే బల్లలూ లేవు.

కాబట్టి ఒరే, మీ నాన్నకి చెప్పండి. రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే ఇస్తున్నారట. మే సెలవులకి వెళ్లాలంటే మార్చిలోనే కూర్చోవాలి. వెళ్లేటప్పుడు ఖరగ్‌పూర్ మీదుగానే తియ్యమనండి, మెయిలుకే. ఏసీ వద్దు, స్లీపరు చాలు, కిటికీ తెరుచుకోవాలి నాకు. మీ ముగ్గురికీ ఎడమ పక్క కిటికీలు చూడమనండి, బాలుగావ్ దాటాక నన్ను విసిగించకుండా చూసుకోవచ్చు. పాలన్నం నేను కలుపుతాను, కేరేజీకి మూత సరిగ్గా పట్టడం లేదు, కొత్తది ఒకటి సాక్చిలో కొనాలి. వచ్చేటప్పుడు మాత్రం మీ వందే భారత్‌లోనే వద్దాం, అదీ చూడాలి నేను.