ఇంటింటి పాట

మదనపల్లె చలి ఎరిగిన సంఘస్థులకు డిసెంబరు రాత్రి క్యారల్స్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. రెండు వేల అడుగుల పైనున్న ఊరు. మా చిన్నతనంలో పెట్రోమాక్సు దీపం ఒకరు పట్టుకొంటే, హార్మోనియం మరొకరు మోసేవారు. తలుపు ముందు పాట, లోపల ప్రార్థన, వేడి కాఫీ, కానుక పెట్టెలో చిల్లర. పుంగనూరు చేరేసరికి గొంతులు బొంగురుపోయేవి. కుప్పంలో అయితే ఒక వీధిలో తెలుగు, పక్క వీధిలో తమిళం; మూడు రాష్ట్రాల సరిహద్దు ఊరు గదా!

ఈ ఆచారం మిషనెరీ దొరలు తెచ్చినదని పెద్దలు చెప్పుదురు. కొంతవరకు నిజమే. ఆర్కాటు మిషనుకు చెందిన డాక్టరు జేకబ్ చాంబర్లేన్ 1863లో మదనపల్లెకు వచ్చి, 1908లో ఇక్కడనే ప్రభువునందు నిద్రించారు. ఆయన ఒక పిల్లల పాటను తెలుగు చేసి బడిలో నేర్పగా, వారమైనా తిరగకముందే ఒక సందులో హిందూ బాలుడొకడు దానినే గొంతెత్తి పాడుచుండెనట. దొరగారు గుర్రము ఆపి విన్నారు. అయితే ఆ సందుకు పాట కొత్తగాని, వాకిట పాడటం కొత్త కాదు. ధనుర్మాసంలో తలపై అక్షయపాత్రతో, చేత చిడతలతో హరిదాసు, సంక్రాంతికి సన్నాయితో గంగిరెద్దు ఏనాటి నుండో వస్తున్నారు. పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) క్రీస్తును మన రాగాలలోనే కీర్తించారు.

దొరల దేశములలోను ఇంతే. వాసెయిల్ అను చలికాలపు ఇంటింటి పాట పేరుకు మూలార్థం ‘క్షేమముగా ఉండు’ అని. వేల్సు దేశములో దీనికి విచిత్రమైన రూపమొకటి కలదు, మారి లుయిడ్ అని. గుర్రపు పుర్రెను కర్రకు గుచ్చి, తెల్లని దుప్పటి కప్పి, రంగు రిబ్బనులు కట్టి, దవడలు టకటకలాడిస్తూ ఇంటి ముందుకు తెస్తారు. బయటివారు పద్యములో లోనికి రానిమ్మంటారు. లోపలివారు పద్యములోనే పొమ్మంటారు. మాటకు మాట, ఎగతాళికి ఎగతాళి. లోపలివారికి జవాబు తోచకపోతే తలుపు తీయవలసినదే, తినను త్రాగను పెట్టవలసినదే. మన గంగిరెద్దు పాపం ఇంత గడుసుది కాదు. తల ఊపి దండం పెట్టి పోవును.

త్రాగుడు ఉన్నచోట పాస్టరుగారికి కోపం రాకుండునా? 1852లో విలియం రాబర్ట్స్ అను బాప్టిస్టు కాపరి, ‘చీకటి యుగముల మతము’ అని అర్థమిచ్చే పేరుతో గ్రంథము వ్రాసి, ఈ వెర్రి ఇకమీదట చరిత్రకారుల మ్యూజియములో తప్ప ఎక్కడను ఉండరాదని కోరారు. అయితే ఖండించుటకై ఆ పద్యములను పుస్తకములో అచ్చు వేయించారు. జనము వాటిని చూచి నేర్చుకొన్నారు! ఆచారము నేటికీ బ్రతికి ఉన్నది. మన యువజనులు ఇంగ్లీషులో పాడే ‘డెక్ ది హాల్స్’ రాగము కూడ వేల్సు వారి నూతన సంవత్సరపు పాటదే. ఇంగ్లీషు మాటలు 1862లో చేరినవి.

ఇంకొక వింత. 1752లో బ్రిటనులో పంచాంగము మార్చి పదకొండు దినములు తీసివేసిరి. వేల్సులోని గ్వైన్ లోయవారు మాత్రము పాత లెక్క విడువక జనవరి 13న నూతన సంవత్సరము చేస్తారు. పిల్లలు ఇంటింటా పాడి మిఠాయిలు, డబ్బులు పుచ్చుకొంటారు. మనకు అది భోగి వేళ.

ఆ వేళనే ఒకసారి మా వాకిట గంగిరెద్దు నిలిచినది. ఇంటికి వచ్చియున్న ఒక సంఘ పెద్ద, “మేము క్రైస్తవులము, ముందుకు పో” అని గద్దించారు. ఎద్దులవాడు మారు మాట్లాడలేదు. మా అవ్వ పెరటి దారిన వెళ్ళి వానికి సోలెడు బియ్యం పోసి, మా కళ్ళంలో తాము పాడుకొనే పాట ఒకటి సన్నాయిలో వాయించుమన్నది. అతడు రెండుసార్లు విని వాయించాడు. రాబర్ట్స్ వంటి కోపిష్ఠి కాపరి ఒకరు మనకు ఉండి, తిట్టుటకైనను దానిని వ్రాసి పెట్టియుండిన బాగుండేది. నాకు మొదటి చరణము మాత్రమే జ్ఞాపకమున్నది.