గాయకులకు నేర్పేవారెవరు? – కథోలిక శ్రీసభలో సంగీత శిక్షణ చరిత్ర



మన అధ్యక్ష మండల శతజయంతి సంచికకు ఆలయ సంగీతమును గూర్చి వ్యాసము వ్రాయవలసినదిగా సంపాదక వర్గము వారు మమ్ములను కోరారు. మన గాయక బృందములను మెచ్చుకొనుచు నాలుగు పుటలు వ్రాయుట సులభమే. క్రిస్మసుకు, గుడ్ ఫ్రైడేకు, ఈస్టరుకు వారు పడే శ్రమ మనకందరికీ తెలుసు. అయితే నూరేళ్లు నిండిన ఇంటిలో పెద్దలు కూర్చొని లెక్కలు చూసుకొనుట మంచిది. అందుచేత ఈ సందర్భములో మేము ఒక ప్రశ్న తీసుకొంటున్నాము. దేవుని మందిరములో పాడేవారికి, వాయించేవారికి నేర్పేవారెవరు?

ఈ ప్రశ్న మాకు ఊరకే పుట్టలేదు. మేము పరిచర్యకు వచ్చిన తొలి సంవత్సరములలో ఒక పాస్టరేటులో వృద్ధులైన హార్మోనియం మాష్టారు ఒకరు ఉండేవారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో ప్రతి కీర్తనకు పైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి గదా. ఆయన ఆ పేరు చూచి కళ్లు మూసుకొని పాడేవారు. ఆయన ప్రభువునందు నిద్రించిన తరువాత ఒక ఆదివారము మేము అలవాటుగా ఒక పాత కీర్తన నంబరు ప్రకటించాము. సంఘమంతా పుస్తకములు తెరిచింది, గాని ఎవరూ ఎత్తుకోలేదు. వేదాంత కళాశాలలో గ్రీకు చదివి పట్టా పుచ్చుకొన్న మేము ఆ రాగము పేరు చూచి ఒక్క పంక్తి పాడలేకపోయాము. తప్పు మాష్టారుది కాదు. ఆయన బ్రతికి ఉండగా ఆయన యొద్దకు ఒక్క పిల్లవానినైనా పంపనివారము మేమే.

మన పొరుగు సంఘమైన కథోలిక శ్రీసభ ఈ ప్రశ్నను సుమారు 1300 సంవత్సరములుగా ఎదుర్కొంటూ వచ్చింది. కొన్నిసార్లు గెలిచింది, కొన్నిసార్లు ఓడింది. సిద్ధాంతములలో మనకును వారికిని గల భేదములు అలా ఉంచి, వారి అనుభవము నుండి నేర్చుకొనుట మనకు మేలు.

రోము పాఠశాల

రోములో "స్కోలా కాంటోరుమ్" అనే గాయకుల పాఠశాల ఉండేది. దీనిని పోపు మొదటి గ్రెగరీ (590–604) స్థాపించాడని సంప్రదాయము చెబుతున్నది. నేటి చరిత్రకారులు చాలామంది 7వ శతాబ్దము రెండవ సగములో అది రూపు దిద్దుకొన్నదని అంటారు. ఆ కాలమున స్వరములను వ్రాసే లిపి లేదు. సంవత్సరమంతటికీ కావలసిన పాటలను చిన్న పిల్లలు గురువు నోట విని కంఠస్థము చేయవలసిందే. అందుకు ఏండ్లు పట్టేది.

ఇంగ్లండు దేశపు సంఘ చరిత్ర వ్రాసిన బీడ్ అను సన్యాసి ఒక సంగతి చెప్పాడు. 680 ప్రాంతములో బెనెడిక్ట్ బిస్కప్ అను మఠాధిపతి రోమునకు వెళ్లి, పోపు అనుమతితో పరిశుద్ధ పేతురు దేవాలయ ప్రధాన గాయకుడైన యోహానును తన మఠమునకు వెంటబెట్టుకొని వచ్చాడు. యోహాను అక్కడివారికి రోము పద్ధతిలో పాడుట నేర్పి, సంవత్సరములోని పండుగల క్రమమును వ్రాసి ఇచ్చాడు. చుట్టుపక్కల మఠములలోని గాయకులు వచ్చి ఆయన యొద్ద నేర్చుకొన్నారు. తిరుగు ప్రయాణములో ఆయన మరణించగా ఫ్రాన్సులోని టూర్ పట్టణమున సమాధి చేశారు. గ్రంథములు మాత్రమే పంపితే చాలదని, మనిషి వెళ్లి నేర్పవలెనని ఆ పెద్దలు గ్రహించారు.

గ్వీడో చేసిన మేలు

11వ శతాబ్దములో ఇటలీలో గ్వీడో అను సన్యాసి ఉండేవాడు. పాంపోజా మఠములో పిల్లలకు పాట నేర్పుతూ, వారు ఏండ్ల తరబడి బట్టీ పట్టినా క్రొత్త పాటను చూచి పాడలేకపోవుట చూచి బాధపడ్డాడు. యోహాను బాప్తిస్మమిచ్చువాని పండుగ కీర్తన ఒకదానిలో ఒక్కొక్క చరణ భాగము వరుసగా ఒక్కొక్క స్వరము పైన మొదలవుతుంది. ఆ మొదటి అక్షరములను తీసుకొని ఊత్, రే, మీ, ఫా, సోల్, లా అని స్వరములకు పేర్లు పెట్టాడు. మన సరిగమల వంటివే ఇవి. స్వరములను గీతల మీద వ్రాసి, ఏ గీత ఏ స్వరమో తెలియునట్లు రంగులు వేశాడు. పది సంవత్సరములు పట్టే చదువు ఒకటి రెండు సంవత్సరములలో పూర్తవుతుందని తన మిత్రునికి వ్రాసిన ఉత్తరములో చెప్పాడు.

తోటి సన్యాసుల అసూయ చేత ఆయన ఆ మఠము విడిచి అరెజ్జో పట్టణమునకు వెళ్లవలసి వచ్చింది. అక్కడి బిషప్పు ఆయనను ఆదరించి, దేవాలయ గాయకులకు నేర్పే పని అప్పగించాడు. తరువాత పోపు 19వ యోహాను ఆయనను రోమునకు పిలిపించి ఆ పద్ధతిని స్వయముగా పరీక్షించి మెచ్చుకొన్నాడు. నేడు ప్రపంచమంతా వాడే పాశ్చాత్య స్వరలిపికి మూలము ఆలయములో పిల్లలకు నేర్పిన ఆ ఉపాధ్యాయుని కష్టమే.

ఆజ్ఞలు, బడులు

1563 జూలై 15న ట్రెంట్ మహాసభ ప్రతి డయోసిస్‌లోను గురువిద్యాలయము ఉండవలెనని తీర్మానించింది. అక్కడ నేర్పవలసిన విద్యలలో వ్యాకరణముతో పాటు గానమును కూడా చేర్చింది. కాబోయే గురువు పాడుట నేర్చుకొనుట ఐచ్ఛికము కాదన్నమాట. అయితే తీర్మానము వేరు, ఆచరణ వేరు. 19వ శతాబ్దము వచ్చేసరికి ఇటలీ దేవాలయములలో నాటకశాలల బాణీలు జొరబడ్డాయి. ఆరాధనకు వచ్చినవారు గాయకుని గొంతు చూచి ఆనందించి వెళ్లిపోయే పరిస్థితి ఏర్పడింది. నేటి మన పండుగ ఆరాధనలను తలచుకొంటే ఈ మాట మనకు క్రొత్తగా తోచదు.

దీనికి మందు వెదకినవారు తిరిగి బడులే పెట్టారు. జర్మనీలోని రీగెన్స్‌బుర్గ్‌లో ఫ్రాంజ్ జేవియర్ హాబెర్ల్ అను గురువు 1874లో ఆలయ సంగీత పాఠశాల స్థాపించాడు. ఫ్రాన్సులోని సొలేమ్ మఠ సన్యాసులు పాత చేతివ్రాత ప్రతులను పోల్చి చూచి గ్రెగోరియన్ గానమును శుద్ధి చేశారు. 1889 నుండి ఆ ప్రతుల ఛాయాచిత్రములను అచ్చువేయుట ప్రారంభించారు. పారిస్‌లో 1894లో మరొక స్కోలా కాంటోరుమ్ ఏర్పడింది.

ఇదే కాలములో వెనిస్ నగర ప్రధాన బిషప్పైన జూసెప్పె సార్తో, రీగెన్స్‌బుర్గ్‌లో చదివి వచ్చిన లోరెంజో పెరోసి అను 21 సంవత్సరముల యువకుని 1894లో సెయింట్ మార్క్ దేవాలయ సంగీత నాయకునిగా నియమించాడు. సార్తోయే 1903లో పోపు 10వ పయస్ అయినాడు. ఆ సంవత్సరము నవంబరు 22న, అనగా సంగీతకారుల పరిశుద్ధురాలైన సిసిలియా పండుగ నాడు, ఆలయ సంగీతమును గూర్చి ప్రసిద్ధమైన శాసనము వెలువరించాడు. దేవాలయములో పియానో, డ్రమ్ములు, తాళములు వాడరాదన్నాడు. నాటక బాణీలు వద్దన్నాడు. ఇవి మాత్రమే అయితే అది మరొక నిషేధ పత్రముగా మిగిలిపోయేది. గురువిద్యాలయములలో గానము శ్రద్ధగా నేర్పవలెనని, పల్లె దేవాలయములలో సహా గాయక బృందములు ఏర్పరచవలెనని, ఉన్నత సంగీత పాఠశాలలను పోషించవలెనని కూడా అందులోనే వ్రాశాడు. 1911 జనవరిలో రోములో అటువంటి ఉన్నత పాఠశాలను తెరిపించాడు. దాని మొదటి అధిపతి ఏంజెలో దె సాంతి అను జెసూయిట్ గురువు. నేడు పొంటిఫికల్ పవిత్ర సంగీత సంస్థ అనబడుతున్నది ఇదే.

ఈ శాసనములో ఒక లోపమును కూడా చెప్పుట న్యాయము. స్త్రీలు గాయక బృందములో చేరరాదని, హెచ్చు స్వరములకు బాలురను తీసుకోవలెనని అందులో ఉన్నది. కాని ఆ శాసనమును ఆచరణలో పెట్టినవారిలో ముఖ్యురాలు ఒక స్త్రీయే. అమెరికాలో జస్టిన్ వార్డ్ అను ఆమె చిన్న పిల్లలకు తరగతి గదిలోనే స్వరములు నేర్పే పద్ధతిని రూపొందించింది. 1916లో న్యూయార్కులోని మాన్‌హాటన్‌విల్ కన్యల మఠమునకు చెందిన మదర్ జార్జియా స్టీవెన్స్‌తో కలిసి అక్కడ పదవ పయస్ పేర ఒక సంగీత పాఠశాల స్థాపించింది. స్త్రీలను గూర్చిన నిషేధమును 1955లో పోపు 12వ పయస్ సడలించాడు.

గోవా మేస్త్రులు

మన దేశములో దీనికి గొప్ప నిదర్శనము గోవా. పోర్చుగీసువారి కాలములో, 16వ శతాబ్దము నుండి, అక్కడి దేవాలయములకు అనుబంధముగా బడులు ఏర్పడ్డాయి. ఆ బడులలో పిల్లలకు అక్షరములతో పాటు స్వరములు, తరువాత వయొలిన్ నేర్పేవారు. నేర్పే గాయక నాయకుని "మెస్త్రె" అనేవారు. మనము తాపీ మేస్త్రి అనే మాటలోని మేస్త్రి ఈ పోర్చుగీసు మాటే. ఆదివారము పూజలో పాడించుట, సమాధి కార్యక్రమములో వాయించుట, వారమంతా పిల్లలకు నేర్పుట అతని పని. పేద కుటుంబముల పిల్లలు కూడా స్వరలిపి చదువుట నేర్చుకొన్నది ఈ మేస్త్రుల వలననే.

20వ శతాబ్దములో ఆ బడులు చాలవరకు క్షీణించాయి. కాని వాటి ఫలము దేశమంతా అనుభవించింది. బొంబాయి సినిమా వాద్యబృందములలో గోవా కథోలికులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. స్వరలిపి చదివి వెంటనే వాయించగలవారు వారే గనుక. మజోర్డా గ్రామ దేవాలయ గాయక నాయకుని కుమారుడు ఆంథోనీ గొన్సాల్వెస్ (1927–2012) వారిలో ఒకరు. సంగీత దర్శకుడు ప్యారేలాల్‌కు ఆయన వయొలిన్ గురువు. 1977లో వచ్చిన "అమర్ అక్బర్ ఆంథోనీ" చిత్రములోని పాటలో వినిపించే పేరు ఆ గురువుకు శిష్యుడు చేసిన వందనమే. ఆ పాట విన్న మనలో ఎంతమందికి దాని వెనుక ఒక పల్లె దేవాలయపు పాఠము ఉన్నదని తెలుసు?

మహాసభ తరువాత

1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఆరాధనను గూర్చిన శాసనమును ప్రకటించింది. అందులోని 115వ భాగము పూర్తిగా శిక్షణను గూర్చినదే. గురువిద్యాలయములలోను, మఠములలోను, పాఠశాలలలోను సంగీతము నేర్పవలెనని, అందుకు మొదట ఉపాధ్యాయులను సిద్ధపరచవలెనని, పాటలు కట్టేవారికి, పాడేవారికి ఆరాధన యొక్క అర్థము కూడా బోధించవలెనని దాని సారాంశము. 119వ భాగము మిషను దేశముల ప్రజలకు తమ స్వంత సంగీతము ఉన్నదని, దానికి తగిన గౌరవమియ్యవలెనని చెప్పింది.

అయితే భాష మారినంత వేగముగా శిక్షణ రాలేదు. కొద్ది సంవత్సరములలోనే లాటిను పోయి మాతృభాషలు వచ్చాయి. పాత పాటలు తెలిసినవారు మౌనముగా కూర్చున్నారు, క్రొత్త పాటలు కట్టేవారికి నేర్పేవారు చాలచోట్ల లేరు. మంచి శాసనము ఉండి కూడా ఏండ్ల తరబడి ఇబ్బంది పడవలసి వచ్చింది.

మన దేశములో కొందరు దూరదృష్టితో పనిచేశారు. జర్మనీ నుండి వచ్చిన ఫాదర్ జార్జ్ ప్రోక్ష్ మహాసభకు ముందే హిందూస్థానీ రాగములలో భజనలు కట్టి, బొంబాయిలో జ్ఞాన్ ఆశ్రమ్ స్థాపించాడు. 1967లో బెంగుళూరులో ఫాదర్ అమలోర్పవదాస్ నాయకత్వమున జాతీయ ఆరాధన కేంద్రము పని ప్రారంభించింది. 1977లో తిరుచిరాపల్లిలో ప్రారంభమైన కలై కావేరి సంస్థ కర్నాటక సంగీతమును, భరతనాట్యమును క్రమముగా నేర్పే కళాశాలగా ఎదిగింది.

మన సంగతి

ఈ చరిత్రలో మాకు ఒక సంగతి స్పష్టముగా కనిపించింది. ఎక్కడ నేర్పే మనిషిని ఏర్పరచి, అతనికి బడిని, కూలిని ఇచ్చారో అక్కడ పాట నిలిచింది. ఎక్కడ ఆజ్ఞ మాత్రమే ఇచ్చారో అక్కడ నిలువలేదు. ఇది కథోలికులు కనిపెట్టినది కాదు. దినవృత్తాంతముల మొదటి గ్రంథము 25వ అధ్యాయములో దావీదు ఏర్పరచిన గాయకులు 288 మంది. వారు శిక్షణ పొందినవారని, గురువులు శిష్యులు కలిసే వంతులు వేసుకొన్నారని అక్కడ చదువుతాము.

మన దేవాలయములలో ఈ పది సంవత్సరములలో స్పీకర్లకు, మిక్సర్లకు, కీబోర్డులకు పెట్టిన ఖర్చు లెక్క ప్రతి కోశాధికారి యొద్దను ఉన్నది. నేర్పే గురువుకు ఇచ్చిన జీతము లెక్క ఎన్ని పాస్టరేటులలో ఉన్నది? మన యువకులు ఫోనులో పాట విని అదే విధముగా పాడుచున్నారు. వారిని మేము నిందించము. వారికి మరొక గురువును మనము చూపలేదు. కాని ఫోను దయచేత వినవచ్చేది ఎవరో పాడిన పాటే. మన తాతలు పాడిన కీర్తన దానిలో దొరకకపోతే అది మనతోనే పోతుంది.

కావున శతజయంతి నిధి వినియోగమును నిర్ణయించే పెద్దలకు మా మనవి. ప్రతి ఏటా వేసవిలో రెండు వారములు డయోసిస్ సంగీత పాఠశాల జరిపించండి. ప్రతి పాస్టరేటు నుండి ఒక బాలుని, ఒక బాలికను సంగీత గురువు యొద్దకు పంపి ఫీజు సంఘమే కట్టవలెను. పాత కీర్తనలు తెలిసిన వృద్ధుల గొంతులను వారు బ్రతికి ఉండగానే రికార్డు చేయవలెను. సేవకు తర్ఫీదు పొందే అభ్యర్థులకు కీర్తన ఎత్తుకొనుట కూడా నేర్పవలెను; మా వంటి పాస్టర్లు మరికొందరు తయారు కాకుండునట్లు.

ఇతరులకు చెప్పి ఊరకుండుట తగదు గనుక ఒక మాట. మా సంఘములో గత లెంటు కాలము నుండి శనివారము సాయంత్రము ఒక తరగతి జరుగుచున్నది. పదవీ విరమణ చేసిన ఒక సంగీతం టీచరమ్మగారు ఏడుగురు పిల్లలకు మాయామాళవగౌళలో సరళీ వరుసలు నేర్పుచున్నారు. ఎనిమిదవ విద్యార్థిగా వెనుక వరుసలో మేము కూర్చుంటున్నాము. పిల్లలు మాకంటె త్వరగా నేర్చుకొంటున్నారు. ఆనాడు ఎవరూ ఎత్తుకోలేకపోయిన ఆ కీర్తనను వచ్చే ఈస్టరు నాటికి పాడవలెనని మా ఆశ. మీ ప్రార్థనలలో ఆ ఏడుగురిని జ్ఞాపకము చేసికొనండి.